చిన్న వయసులో పెళ్లి, తల్లీబిడ్డల ఆరోగ్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లి కుదిర్చేటప్పుడు పెద్దవాళ్లు ఎన్నో లెక్కలు చూసుకుంటారు. ఆ అమ్మాయి కటి ఎముకలు ఇంకా పెరుగుతున్నాయా, ఒంట్లో రక్తం సరిపడా ఉందా, ఏడాది తిరక్కుండానే నెల తప్పితే తట్టుకోగలదా అన్న లెక్క మాత్రం చాలా ఇళ్లలో ఎవరూ వేయరు. ఈ పేజీ ఆ లెక్క గురించే. అమ్మాయిలు, తల్లులు, కొత్తగా పెళ్లైన అబ్బాయిలు, అత్తగార్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. ఇది చదివితే డాక్టర్ దగ్గరికి వెళ్లక్కర్లేదని మాత్రం అనుకోవద్దు. గర్భంతో ఉన్నవాళ్లు పరీక్ష చేయించుకోవాల్సిందే.

చిన్న వయసు పెళ్లి అని ఏ వయసు వరకు అంటారు?

18 ఏళ్లు నిండకముందు జరిగే పెళ్లి అంతా ఇందులోకే వస్తుంది. యునిసెఫ్ 2023లో వేసిన అంచనా ప్రకారం ఇవాళ ప్రపంచంలో ఉన్న ఆడవాళ్లలో, బాలికల్లో దాదాపు 64 కోట్ల మందికి 18 నిండకుండానే పెళ్లైంది. ఏటా మరో 1 కోటి 20 లక్షల మంది ఆ లెక్కలో చేరుతున్నారు. పాతికేళ్ల కిందట యువతుల్లో నలుగురిలో ఒకరికి ఇలా జరిగేది, ఇప్పుడు ఐదుగురిలో ఒకరికి జరుగుతోంది. తగ్గుతున్న మాట నిజమే. అది చాలా నెమ్మదిగా తగ్గుతోందన్నదీ నిజమే.

రజస్వల అయిందంటే పిల్లల్ని కనడానికి ఒళ్లు సిద్ధమైనట్టే కదా?

కాదు. ఈ ఒక్క అపోహ వల్ల జరిగే నష్టం ఇంతా అంతా కాదు, అందుకే దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

మొదటి నెలసరి వచ్చిందంటే అండాశయాలు పని మొదలుపెట్టాయని అర్థం. మొదలుపెట్టాయి, అంతే. అప్పటికి ఎత్తు పెరగడమే పూర్తికాదు. రజస్వల అయ్యాక కూడా అమ్మాయిలు దాదాపు రెండేళ్లు, కొందరు అంతకంటే ఎక్కువ కాలం ఎత్తు పెరుగుతారు. బిడ్డ బయటికి వచ్చే దారి కటి ఎముకల మధ్య నుంచి ఉంటుంది. ఆ ఎముకలు ఎత్తు ఆగిపోయిన తర్వాత కూడా ఇంకొంతకాలం విశాలమవుతూనే ఉంటాయి. పైకి చూస్తే అమ్మాయి తల్లంత ఎదిగినట్టు కనిపిస్తుంది, లోపలి దారి మాత్రం ఇంకా ఏర్పడుతూ ఉంటుంది. 'ఏపుగా ఎదిగిన పిల్ల' అని చూసి చెప్పేవాళ్లకు ఆ లోపలి సంగతి కనిపించదు.

ఇంకొక చిక్కు ఉంది. రజస్వల అయిన మొదటి ఒకటి రెండేళ్లు చాలామందికి నెలసరి సరిగ్గా రాదు. ఒక నెల వస్తుంది, రెండు నెలలు రాదు. అలాంటి అమ్మాయి నెల తప్పితే, ఎప్పుడూ ఉండేదే కదా అనుకుంటుంది. గర్భం అని తెలిసేసరికి నాలుగో నెలో ఐదో నెలో అవుతుంది. బీపీ, రక్తం చూడాల్సిన మొదటి నెలలు అలా వెళ్లిపోతాయి. చివరి నెలసరి తేదీ గుర్తుండదు కాబట్టి కాన్పు తేదీ లెక్క కూడా తప్పుతుంది.

ఎముకల్లో కాల్షియం ఎక్కువగా నిల్వయ్యే వయసు కూడా ఇదే. ఒళ్లు తనకోసం కూడబెట్టుకుంటున్న సమయంలో బిడ్డకు పంచాల్సి వస్తుంది.

మా అమ్మమ్మ పదిహేనేళ్లకే కన్నది, నిండు నూరేళ్లు బతికింది. ఆమెకేం కాలేదే?

ఆమె బతికింది కాబట్టే ఆ కథ మీకు తెలిసింది. కాన్పులో పోయినవాళ్ల కథ చెప్పడానికి చాలా ఇళ్లలో మనవరాళ్లే లేరు.

అమ్మమ్మ మీద గౌరవంతోనే ఈ మాట అంటున్నాను. వీలైతే ఆమె దగ్గర కూర్చుని నెమ్మదిగా అడగండి: ఎంతమందిని కన్నావు, ఎంతమంది దక్కారు, మొదటి కాన్పు ఎన్ని రోజులు పట్టింది అని. చాలామంది పెద్దవాళ్లు అప్పటిదాకా ఎవరితోనూ చెప్పని సంగతులు చెబుతారు. తనతో ఆడుకున్న పిల్లల్లో ఎవరు పురిట్లో పోయారో కూడా వాళ్లకు గుర్తుంటుంది.

తల్లికి ఏ ప్రమాదాలు ఎక్కువ?

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం 20 నుంచి 24 ఏళ్ల తల్లులతో పోలిస్తే 10 నుంచి 19 ఏళ్ల తల్లులకు ఫిట్స్ తెచ్చే బీపీ జబ్బు, కాన్పు తర్వాత గర్భసంచికి పట్టే ఇన్ఫెక్షన్, ఒళ్లంతా పాకే ఇన్ఫెక్షన్లు ఎక్కువ. ప్రపంచం మొత్తం మీద 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల మరణాలకు ముఖ్య కారణాల్లో గర్భం, కాన్పుల్లో వచ్చే సమస్యలు ఒకటి.

బీపీ సంగతి ముందు చెప్పాలి. గర్భం 20 వారాలు దాటాక బీపీ 140/90కి చేరి, మూత్రంలో ప్రోటీన్ పోతుంటే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. తొలి కాన్పులో ఇది వచ్చే అవకాశం ఎక్కువ, చిన్న వయసులో అయ్యేవి ఎక్కువగా తొలి కాన్పులే. మొదట్లో ఏ బాధా ఉండదు. బీపీ చూస్తే తప్ప తెలియదు. ముదిరితే ఫిట్స్ వస్తాయి, పాతవాళ్లు గుర్రపువాతం అనేది దీన్నే. గాలో ధూళో అని వేరే వైద్యాలు చేయిస్తూ కూర్చుంటే ప్రాణం పోతుంది. ఆసుపత్రిలో మెగ్నీషియం సల్ఫేట్ అనే ఇంజెక్షన్ ఇస్తారు. అది కొత్త మందు కాదు, ఖరీదైన మందూ కాదు. వేళకు చేరడమే ముఖ్యం.

రెండోది రక్తహీనత. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత, 7 కంటే తగ్గితే అది తీవ్రమైనది. ఎదిగే వయసులో ఇనుము అవసరం ఎలాగూ ఎక్కువ, నెలసరిలో కొంత పోతుంది, దానిపైన గర్భం. ఆ స్థితిలో కాన్పు జరిగితే, వేరొకరు తట్టుకోగలిగే రక్తస్రావం ఈ అమ్మాయికి ప్రాణం మీదికి తెస్తుంది.

మూడోది కాన్పు మధ్యలో బిడ్డ ఇరుక్కుపోవడం. బిడ్డ తలకు కటి దారి చాలక నొప్పులు గంటల తరబడి, కొన్నిచోట్ల రోజుల తరబడి సాగుతాయి. దీనికి సిజేరియన్ ఒక్కటే దారి అయ్యే సందర్భాలు ఉంటాయి. ఆ సౌకర్యం దూరంగా ఉన్నచోట జరిగేది మాటల్లో చెప్పలేం, అయినా కింది జవాబులో చెప్పాలి.

ఫిస్టులా అంటే ఏమిటి?

నొప్పులు రెండు మూడు రోజులు సాగినప్పుడు బిడ్డ తల, తల్లి కటి ఎముకల మధ్య ఉన్న మెత్తటి కండను నొక్కిపెట్టి ఉంచుతుంది. అక్కడికి రక్తం అందదు. రక్తం అందని కండ చచ్చిపోతుంది. కాన్పైన కొన్ని రోజులకు అది ఊడిపోయి, మూత్రాశయానికీ యోనికీ మధ్య, కొందరిలో మలద్వారం వైపు కూడా, రంధ్రం పడుతుంది. ఇక మూత్రం ఆపుకోవడం ఆ అమ్మాయి చేతుల్లో ఉండదు. పగలూ రాత్రీ కారుతూనే ఉంటుంది. ఇలాంటి కాన్పుల్లో ఎక్కువగా బిడ్డ కూడా దక్కదు.

బిడ్డ పోయిన దుఃఖం ఒకవైపు, ఒంటి నుంచి వచ్చే వాసన ఒకవైపు. భర్త వదిలేసినవాళ్లు, ఇంట్లో మూల గదికి పరిమితమైపోయినవాళ్లు ఉన్నారు. ఇది శాపమనీ పాపమనీ అనేవాళ్లకు ఒకటే చెప్పాలి: ఇది ఆలస్యంగా అందిన వైద్యం వల్ల వచ్చిన గాయం. దీనికి ఆపరేషన్ ఉంది. అనుభవమున్న సర్జన్ చేస్తే ఎక్కువమందిలో రంధ్రం మూసుకుంటుంది. అప్పుడే పడిన చిన్న రంధ్రమైతే కొన్ని వారాలు మూత్రపు గొట్టం పెట్టి ఉంచినా మూసుకోవచ్చు, అందుకే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే చూపించాలి. ఐక్యరాజ్యసమితి 2013 నుంచి మే 23ను ఫిస్టులా నిర్మూలన దినంగా పాటిస్తోంది.

బిడ్డకు ఏమవుతుంది? తల్లి చిన్నదైతే బిడ్డ ఎందుకు చిన్నగా పుడుతుంది?

తల్లి ఇంకా ఎదుగుతోంది, లోపల బిడ్డా ఎదుగుతోంది. తిన్న తిండి ఇద్దరికీ పంచుకోవాలి. పోటీలో పెద్దవాళ్ల ఒళ్లయితే తన నిల్వల్లోంచి బిడ్డకు ఇస్తుంది. ఎదిగే ఒంటికి ఆ నిల్వలే తక్కువ. అందుకే చిన్న వయసు తల్లులకు 2.5 కిలోల కంటే తక్కువ బరువుతో, 37 వారాలు నిండకుండా బిడ్డలు పుట్టడం ఎక్కువ.

నెలలు నిండని బిడ్డకు ఊపిరితిత్తులు పూర్తిగా తెరుచుకోవు, ఒంట్లో వెచ్చదనం నిలవదు, పాలు పీల్చే బలం ఉండదు, ఇన్ఫెక్షన్‌ను ఎదుర్కొనే శక్తి తక్కువ. ఇవన్నీ ఒకేసారి వస్తాయి. 2020లో ప్రపంచంలో దాదాపు 1 కోటి 34 లక్షల మంది బిడ్డలు ఇలా ముందే పుట్టారు. 2022లో పుట్టిన 28 రోజుల్లోపే కన్నుమూసిన పసివాళ్లు సుమారు 23 లక్షల మంది. ఆ మరణాలన్నీ చిన్న వయసు పెళ్లిళ్ల వల్ల కాదు. నెలలు నిండకపోవడం వాటికి అన్నిటికంటే పెద్ద కారణాల్లో ఒకటి, తల్లి వయసు దానికి దారితీసే వాటిలో మనం మార్చగలిగిన ఒకటి.

బతికి బట్టకట్టిన బిడ్డ కూడా ఎదుగుదలలో వెనకబడవచ్చు. ఆ బిడ్డ ఆడపిల్లై, గిడసబారి, ఆమెకూ పదహారేళ్లకే పెళ్లైతే అదే కథ మళ్లీ మొదటికొస్తుంది.

బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమట, తక్కువ తినమంటున్నారు. నిజమేనా?

దయచేసి అలా చేయకండి. కాన్పులో అడ్డుపడేది ముఖ్యంగా తల. తల్లి తిండి తగ్గిస్తే బిడ్డ ఒంట్లో కొవ్వు, కండ ముందు తగ్గుతాయి. తల పరిమాణం అంతగా తగ్గదు, ఎందుకంటే ఉన్న కాస్త పోషణనూ బిడ్డ ఒళ్లు ముందు మెదడుకే పంపుతుంది. కడుపు మాడ్చుకున్నందుకు దారి విశాలం కాదు, బిడ్డ నీరసంగా పుడుతుంది, నొప్పులు తట్టుకునే ఓపిక తల్లికీ ఉండదు. ఎదిగే వయసులో గర్భం వచ్చిన అమ్మాయికి మిగతా గర్భిణుల కంటే తిండి ఇంకాస్త ఎక్కువే కావాలి.

18 దాటిన మర్నాటి నుంచి ప్రమాదం పోయినట్టేనా?

18 అనేది చట్టాలు గీసుకున్న గీత. ఒంటికి అలాంటి గీత తెలియదు. ప్రమాదం 15 ఏళ్లలోపు వాళ్లకు అన్నిటికంటే ఎక్కువ, వయసు పెరిగే కొద్దీ తగ్గుతూ వస్తుంది. మంచి తిండి, మంచి వైద్యం ఉన్న 19 ఏళ్ల అమ్మాయికీ 21 ఏళ్ల అమ్మాయికీ పెద్ద తేడా ఉండకపోవచ్చు. ఇది నిజాయితీగా ఒప్పుకోవాల్సిన సంగతి. తొలి కాన్పు 20 దాటాక అయితే మంచిదని చెప్పేది అందుకే, ఒక్క రోజు తేడాకు ఏదో అయిపోతుందని భయపెట్టడానికి కాదు.

అసలు కారణం వయసా, పేదరికమా?

రెండూ ఉన్నాయి. చిన్నప్పుడే పెళ్లయ్యే అమ్మాయిలు ఎక్కువగా పేద ఇళ్లవాళ్లు, చదువు మధ్యలో ఆగినవాళ్లు, ఆసుపత్రికి దూరంగా ఉండేవాళ్లు. కాబట్టి కొంత ప్రమాదం వాటి వల్లే. చాలా చిన్న వయసువాళ్లలో మాత్రం వాటిని పక్కన పెట్టినా వయసు వల్ల వచ్చే ప్రమాదం మిగిలే ఉంటుంది.

నా మటుకు నాకు మూడో కారణం ఒకటి ముఖ్యం అనిపిస్తుంది: నిర్ణయం ఎవరి చేతిలో ఉంది అన్నది. పదహారేళ్ల కోడలు 'నాకు తల పగిలిపోతోంది, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి' అని నోరు తెరిచి అడగగలదా? అడిగితే ఆ మాటకు విలువ ఉంటుందా? చేతిలో డబ్బు ఉంటుందా, ఒంటరిగా గడప దాటగలదా? తలనొప్పి బీపీ వల్లే అయినప్పుడు ఆ అడగలేకపోవడమే ప్రాణం తీస్తుంది. తిండి దగ్గరా ఇదే. అందరూ తిన్నాక మిగిలింది తినే అమ్మాయికి ఎన్ని ఐరన్ మాత్రలు ఇచ్చినా రక్తం ఎంతని పడుతుంది?

పెళ్లి చేసేసి, పిల్లల్ని మాత్రం తర్వాత కనమంటే సరిపోదా?

చెప్పినంత తేలిక కాదు. పెళ్లైన మూడో నెల నుంచే 'ఏమైనా విశేషమా' అని అడగడం మొదలవుతుంది. గర్భం వద్దనుకున్నా ఆ మాట భర్తతో మాట్లాడే చనువు అప్పటికి ఏర్పడి ఉండదు, ముఖ్యంగా అతను వయసులో చాలా పెద్దవాడైతే. ఇష్టం లేని కలయికకు ఆ అమ్మాయి కాదనలేకపోవడం కూడా ఇందులో భాగమే. దీన్ని దాచిపెట్టి ఆరోగ్యం గురించి మాట్లాడటం అబద్ధం అవుతుంది. పైగా పెళ్లితో చదువు ఆగుతుంది, ఆగిన చదువు మళ్లీ మొదలవడం అరుదు. కాబట్టి పెళ్లినే ఆపడం మేలు. అది జరిగిపోయిందంటే మాత్రం కాన్పును వాయిదా వేయడం చాలా విలువైన పని.

పెళ్లైపోయింది, ఇంకా గర్భం రాలేదు. ఇప్పుడు ఏం చేయవచ్చు?

చాలా చేయవచ్చు. కండోమ్, మాత్రలు, ఇంజెక్షన్, చేతి చర్మం కింద పెట్టే ఇంప్లాంట్, కాపర్-టి ఇవన్నీ ఉన్నాయి. చిన్న వయసు అన్న ఒక్క కారణంతో వీటిలో దేన్నీ నిరాకరించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. 'పిల్లలు పుట్టనివాళ్లకు కాపర్-టి వేయకూడదు' అన్నది పాత మాట. మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ విషయంలో 18 లోపువాళ్లకు ఎముకల సాంద్రత గురించి కాస్త ఆలోచించి ఇస్తారు, అది డాక్టర్‌తో మాట్లాడండి. పిల్లలు ఇక పుట్టకుండా చేసే ఆపరేషన్ మాత్రం ఈ వయసువాళ్లకు తగినది కాదు, తర్వాత బాధపడేవాళ్లు ఎక్కువ.

జాగ్రత్త లేకుండా కలిసినప్పుడు అత్యవసర మాత్ర ఉంది. ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది, మూడు రోజుల్లోపు అయితే బాగా పనిచేస్తుంది. దాన్ని రోజూ వాడే పద్ధతిగా పెట్టుకోకూడదు.

ఈ సమయంలో రక్త పరీక్ష చేయించి, హిమోగ్లోబిన్ పెంచుకోవడం మొదలుపెట్టండి. గర్భం వచ్చాక పరిగెత్తి పెంచుకోవడం కంటే ఇప్పుడు పెంచుకోవడం తేలిక.

తొలి గర్భాన్ని వాయిదా వేస్తే ఇక పిల్లలే పుట్టరంటారు?

అది భయమే తప్ప నిజం కాదు. మాత్రలు, కాపర్-టి, ఇంప్లాంట్ ఆపేస్తే గర్భం వచ్చే శక్తి తిరిగి వస్తుంది. ఇంజెక్షన్ ఆపాక కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు, అంతే. ఆడవాళ్లలో గర్భధారణ శక్తి చెప్పుకోదగ్గంతగా తగ్గేది ముప్పై అయిదు దాటాక. ఇరవైల్లో ఉన్నవాళ్లకు ఆ టెన్షన్ అక్కర్లేదు.

మా అమ్మాయికి పదిహేడేళ్లు, ఇప్పటికే నాలుగో నెల. ఏం చేయాలి?

ముందు ఆమెను తిట్టడం ఆపండి. ఎవరి తప్పో తేల్చే సమయం ఇది కాదు. తిట్లకు భయపడే అమ్మాయి ఒంట్లో బాగాలేకపోయినా చెప్పదు. మంచి వైద్యం అందితే ఈ వయసులోనూ చాలామంది క్షేమంగా బయటపడతారు, ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి.

ఈ వారంలోనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. గర్భకాలంలో కనీసం 8 సార్లు చూపించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నుంచి చెబుతోంది. వెళ్లిన ప్రతిసారీ బీపీ చూశారా, మూత్రం పరీక్షించారా అని మీరే అడగండి. అడిగితే ఎవరూ తప్పు పట్టరు. వయసు దాచకండి. కేసు అవుతుందనో నలుగురికీ తెలుస్తుందనో రెండు మూడేళ్లు ఎక్కువ చెప్పేవాళ్లు ఉన్నారు. డాక్టర్‌కు అసలు వయసు తెలిస్తేనే ప్రమాదం ఎక్కువున్న కాన్పుగా చూసి ముందుజాగ్రత్తలు తీసుకుంటారు. బీపీ వచ్చే ప్రమాదం ఎక్కువ అనిపిస్తే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టవచ్చు, అది మీ అంతట మీరు వాడేది కాదు.

ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు రోజూ వేసుకోవాలి. వాటితో మలం నల్లగా రావడం, కాస్త వికారం మామూలే. అందుకని మానేయకండి. టీ, కాఫీ ఆ మాత్రకు దగ్గరగా తాగితే ఇనుము ఒంటికి పట్టదు, గంటో రెండు గంటలో ఎడం ఉంచండి. ధనుర్వాతం టీకా వేయించండి.

కాన్పు ఎక్కడ అన్నది ఎనిమిదో నెలకల్లా తేల్చుకోవాలి. సిజేరియన్ చేయగలిగే, రక్తం ఎక్కించగలిగే చోటు అయితే మంచిది. అర్ధరాత్రి నొప్పులొస్తే ఏ వాహనం, ఎవరు వెంట వస్తారు, రక్తం ఇవ్వగలవాళ్లు ఎవరు అన్నది ముందే అనుకుని పెట్టుకోండి.

ఏ లక్షణాలు కనిపిస్తే ఆగకుండా వెళ్లాలి?

రక్తం కనిపించడం, తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం చేతులు ఉబ్బడం, ఫిట్స్, పొట్ట పైభాగంలో విపరీతమైన నొప్పి, జ్వరం, నొప్పులు రాకముందే ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం. వీటిలో ఒక్కటి చాలు, రెండోదాని కోసం చూడక్కర్లేదు. నొప్పులు మొదలై 12 గంటలు దాటినా కాన్పు కాకపోతే ఇంట్లో ఉంచకూడదు.

కాన్పైన మొదటి రోజు రక్తస్రావాన్ని కనిపెట్టుకుని ఉండాలి. బట్ట వెంటవెంటనే తడిసిపోతున్నా, అమ్మాయికి కళ్లు తిరుగుతున్నా వెంటనే పిలవండి. బీపీ ఫిట్స్ కాన్పు తర్వాత కూడా రావచ్చు, ఇది చాలామందికి తెలియదు.

బిడ్డ విషయంలో: పాలు తాగకపోవడం, నిమిషానికి 60 లేదా అంతకంటే ఎక్కువసార్లు ఊపిరి తీయడం, ఊపిరి తీసేటప్పుడు డొక్కలు లోపలికి పోవడం, ఒళ్లు చల్లబడటం లేదా కాలిపోవడం, కదిపితే తప్ప కదలకపోవడం, అరచేతులు అరికాళ్లు పసుపెక్కడం. పసిగుడ్డు విషయంలో తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను ఎలా కాపాడుకోవాలి?

ముందే పుట్టేలా ఉంటే తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ బిడ్డ ఊపిరితిత్తులకు బలం ఇస్తుంది, అందుకే నొప్పులు ముందే మొదలైతే వెంటనే పెద్దాసుపత్రికి చేరాలి.

పుట్టాక అన్నిటికంటే గొప్ప వైద్యం తల్లి గుండెల మీదే ఉంది. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఎడ్గార్ రే అనే డాక్టర్ చిన్న బిడ్డలను తల్లి ఛాతీ మీద, చర్మానికి చర్మం తగిలేలా కట్టి ఉంచమన్నారు. కంగారూ సంరక్షణ అని దానికి పేరొచ్చింది. తల్లి ఒంటి వేడే బిడ్డకు సరిపోతుంది, గుండె చప్పుడు వింటూ బిడ్డ ఊపిరి కుదురుకుంటుంది, పాలు దగ్గర్లోనే ఉంటాయి. తక్కువ బరువు బిడ్డలకు పుట్టిన వెంటనే దీన్ని మొదలుపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది. తల్లి అలసిపోతే తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ ఎవరైనా చేయవచ్చు.

ముర్రుపాలు పారబోయవద్దు. పుట్టిన గంటలోపు పాలు పట్టాలి. పీల్చలేని బిడ్డకు పాలు పిండి గిన్నెతో పట్టే పద్ధతి నర్సు నేర్పిస్తుంది. పదహారేళ్ల తల్లికి పాలు పట్టడం రాదని ఎగతాళి చేయకుండా పక్కన కూర్చుని చూపించేవాళ్లు కావాలి. పాలు రావడం వయసు మీద ఆధారపడదు, ధైర్యం మీద చాలావరకు ఆధారపడుతుంది.

మళ్లీ గర్భం ఎప్పుడు?

కాన్పైన రెండేళ్లు ఆగాకే మళ్లీ గర్భానికి ప్రయత్నించాలి. గర్భస్రావమైతే కనీసం ఆరు నెలలు. పాలిస్తున్నంతకాలం గర్భం రాదన్న నమ్మకం చాలామందిని ముంచుతుంది. బిడ్డకు ఆరు నెలలు నిండకపోవడం, తల్లి పాలు తప్ప వేరేమీ పట్టకపోవడం, నెలసరి తిరిగి రాకపోవడం, ఈ మూడూ ఉంటేనే ఆ మాట నిజం. ఒక్కటి తప్పినా వేరే పద్ధతి కావాలి.

కాన్పు గడిస్తే గండం గడిచినట్టేనా?

ఒంటికి సంబంధించి రక్తహీనత, గర్భసంచి జారడం వంటివి తర్వాత కూడా వెంటాడవచ్చు. చిన్న వయసులో లైంగిక జీవితం మొదలవడం, ఎక్కువ కాన్పులు కావడం గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ ప్రమాదాన్ని పెంచుతాయి. దానికి కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్‌కు టీకా ఉంది, 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయించడం మంచిది.

మనసు సంగతి ఎవరూ అడగరు. కాన్పైన మొదటి వారంలో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, అదే పోతుంది. రెండు వారాలు దాటినా దిగులు, నిద్ర లేకపోవడం, బిడ్డను చూడాలనిపించకపోవడం ఉంటే అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్, చిన్న వయసు తల్లుల్లో ఇంకా ఎక్కువ. 'నేనుంటే ఎంత పోతే ఎంత' లాంటి మాట ఆమె నోట ఒక్కసారి వచ్చినా ఒంటరిగా వదలకండి, అదే రోజు డాక్టర్‌తో మాట్లాడండి.

భర్తగా నేనేం చేయాలి?

పరీక్షలకు వెంట వెళ్లండి. ఆమె కాదంటే ఆగండి. పిల్లలెప్పుడు అని ఇంట్లోవాళ్లు అడిగినప్పుడు జవాబు మీరు చెప్పండి, ఆమెను ముందుకు తోయకండి. 'ఇప్పుడే వద్దనుకున్నది నేను' అని మీరంటే ఆ ఇంట్లో సగం ఒత్తిడి ఆ రోజే తగ్గుతుంది.

నాకు పదహారేళ్లు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. నేనేం చేయను?

నీకు భయంగా ఉందంటే అందులో తప్పేమీ లేదమ్మా. పెళ్లికి ఇద్దరి పూర్తి, స్వేచ్ఛాయుత సమ్మతి ఉండాలని 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలోనే ఉంది. చాలా దేశాల్లో ఇలాంటి పెళ్లికి చట్టం అడ్డు చెబుతుంది, పిల్లల కోసం హెల్ప్‌లైన్ నంబర్లు కూడా చాలాచోట్ల ఉన్నాయి.

ముందు ఇంట్లో నీ మాట వినే ఒక్క పెద్ద మనిషిని వెతుక్కో. అత్తయ్య, పిన్ని, తాతయ్య, పెద్దన్నయ్య, ఎవరైనా సరే. 'నాకు పెళ్లి వద్దు' అంటే మొండితనం అనుకుంటారేమో, 'ఇప్పుడే వద్దు, చదువు పూర్తి కానివ్వండి' అంటే వినేవాళ్లు ఎక్కువ. బడిలో నమ్మకమున్న టీచర్‌కు చెప్పు. నర్సుకో ఆరోగ్య కార్యకర్తకో చెబితే వాళ్లు ఇంటికొచ్చి అమ్మానాన్నలతో ఒంటి సంగతి మాట్లాడగలరు, ఆ మాట కొందరు తండ్రుల మీద మిగతా అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. ఇంట్లో చెబితే కొడతారనో, ఎక్కడికైనా పంపించేస్తారనో అనుమానం ఉంటే మాత్రం ముందు బయటివాళ్లకే చెప్పు. నీ పుట్టిన తేదీ ఉన్న కాగితం నకలు ఒకటి నీ దగ్గర ఉంచుకో. ముహూర్తం పెట్టాక కంటే సంబంధం మాటలు నడుస్తున్నప్పుడే ఆపడం తేలిక, కాబట్టి రేపటిదాకా ఆగకు, ఇవాళే ఒకరితో చెప్పు.